ఫోన్ చేపల బుట్ట అంది

జిన్ ఊజు మొట్టమొదట పలకరించింది నన్ను కాదు, నా లంచ్ బాక్సుని.

సియోల్‌లో మా ఆఫీసు మేడ మీద ఓ మూల బెంచీ ఉంది. అది నాది. అంటే నా పేరేం రాసి లేదు కానీ, మధ్యాహ్నం అక్కడ కూర్చుని తినేది ఈ దావన్ ఒక్కతే అని బిల్డింగంతటికీ తెలుసు. ఆ రోజు పక్కన ఎవడో వచ్చి కూర్చున్నాడు. తాడిచెట్టంత మనిషి, మెడలో కింది అంతస్తు మ్యాపుల కంపెనీ కార్డు. నేను మూత తీసి చెంచా ఎత్తేలోపు నా డబ్బా మీదకి ఫోన్ వంచి ఫొటో తీశాడు.

ఏం చేస్తున్నారని అడిగాను. అదేం కూరో తెలుసుకుందామని అన్నాడు. ఇంతలో ఫోన్ జవాబు చెప్పినట్టుంది, మొహం మాడిపోయింది. చూపించమన్నాను. వద్దులెండి అన్నాడు. లాక్కుని చూశాను.

'ఎండుగడ్డి. పశువుల మేత. తొంభై రెండు శాతం.'

అది ఎండబెట్టిన ముల్లంగి ఆకు. పులియబెట్టిన సోయా ముద్ద కలిపి మా తాతయ్య తన చేత్తో వండి బస్సులో పంపిన కూర. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పక్కనే మనిషిని పెట్టుకుని ఫోన్ని అడుగుతారేంటండీ? నాకు నోరు లేదనుకున్నారా?"

 అతను చెప్పుల వైపు చూసుకుని, కొంచెం రుచి చూడొచ్చా అన్నాడు. పోనీలే పాపం అని పెట్టాను. సగం డబ్బా ఖాళీ చేశాడు. మర్నాడు తన డబ్బా తెచ్చుకుని మళ్ళీ అదే బెంచీ మీద కూర్చున్నాడు. అలా మొదలైంది నా తలనొప్పి.

ఎందుకు తలనొప్పి అంటున్నానో చెబుతాను. ఊజు మంచివాడు. అబద్ధం ఆడడు, ఎవరి మీదా గొంతు పెంచడు, నేను తిడితే తలొంచుకుని వింటాడు. కానీ కొత్తగా ఏది కనబడినా జేబులోంచి ఫోన్ తీస్తాడు. పక్కింటి కుక్కకి ఫోన్ గురిపెడితే గొర్రె అంటుంది. మా అమ్మ అల్లిన నా మఫ్లర్‌కి గురిపెడితే కాళ్ళు తుడుచుకునే పట్టా అంటుంది. అది తప్పని ఇద్దరికీ తెలుసు. అయినా మళ్ళీ తీస్తాడు.

ఒకసారి నది ఒడ్డున నడుస్తున్నాం. వాన మొదలైంది, ఒకే గొడుగు. అతని భుజం నా భుజానికి తగులుతోంది, సగం తడుస్తూ గొడుగంతా నా వైపే వంచాడు. ఏదో చెప్పబోతున్నట్టు నా వైపు చూస్తున్నాడు. నాకు తెలిసిపోయింది. చెప్పు బాబూ, చెప్పు అని నేను ఊపిరి బిగబట్టి నిలబడితే, ఎదురుగా రాతి మీద ఏదో తెల్లటి పక్షి వాలింది. అంతే, ఫోన్ బయటికొచ్చింది. ఫోన్ దాన్ని ప్లాస్టిక్ సంచీ అంది. పక్షి ఎగిరిపోయింది. నేనూ గొడుగు అతని చేతిలోనే వదిలేసి తడుస్తూ వెళ్ళిపోయాను. అసలు మాట అతని నోట్లోంచి ఊడిపడ్డానికి ఇంకో వారం పట్టింది.

సరే, ప్రేమ కుదిరింది. మిగిలింది తాతయ్య.

మా అమ్మానాన్నలకి పట్నంలో డ్రైక్లీనింగ్ షాపు, చిన్నప్పుడు వాళ్ళకి నన్ను చూసుకునే తీరిక ఉండేది కాదు. నన్ను పెంచింది దమ్యాంగ్ అనే ఊళ్ళో తాతయ్యా, నాయనమ్మా. అక్కడి బజారులో తాతయ్యకి పిండిమర ఉంది. బియ్యప్పిండి, కారం, నువ్వుల నూనె అన్నీ అక్కడే ఆడిస్తారు. మర వెనకాలే ఇల్లు. నాయనమ్మ పోయాక కూడా ఆయన ఒక్కరోజు మర మూయలేదు.

నేను చేసుకోబోయేవాణ్ణి తాతయ్య చూసి ఊఁ అనాలి. ఇది ఆయన పెట్టిన షరతు కాదు, నాకు నేను పెట్టుకున్నది. ఆయన కాదన్నవాణ్ణి చేసుకుని నేను సుఖంగా ఉండలేను. ఆ మాట ఊజుకి మొదట్లోనే చెప్పేశాను. అంతకుముందు ఒక బ్యాంకు ఉద్యోగిని తీసుకెళ్ళాను. భోజనం మధ్యలో తాతయ్య లేచి మర దగ్గరికి వెళ్ళిపోయి ఆ బ్యాంకాయన బస్సెక్కేదాకా ఇంట్లోకి రాలేదు. ఆయన కాదనడమంటే అలా ఉంటుంది.

అందుకే బస్సులో ఊజు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఇల్లు పాతది, అందులో సామాన్లు పాతవి. ఏది కనబడినా ఫోన్ తీయకు. తెలియకపోతే నన్నడుగు. నేను లేకపోతే ఆయన్నడుగు. ఎవరూ లేకపోతే తెలియకుండానే ఉండు. అన్నిటికీ బుద్ధిగా తలూపాడు.

దిగి మరలో అడుగు పెట్టాడో లేదో, నూనె ఆడగా వచ్చిన తెలకపిండి చెక్కలు ఓ మూల పేర్చి కనబడ్డాయి. గుండ్రంగా, నల్లగా, పళ్ళేలంత ఉంటాయి. నేను తాతయ్యకి దణ్ణం పెట్టి లేచేసరికి వెనక టిక్కుమని చప్పుడు. ఆడించుకోడానికి వచ్చిన ఓ ముసలమ్మ ఫోన్లోకి తొంగిచూసి, ఏమంటోంది బాబూ అంది. 'కారు బ్రేకు' అంటోందండీ అన్నాడు ఊజు, అబద్ధమాడని మనిషి కదా. మరలో ఉన్న అమ్మలక్కలందరూ పడీపడీ నవ్వారు. తాతయ్య నవ్వలేదు.

రాత్రి భోజనాల దగ్గర తాతయ్య తన మంచి ఊరగాయ తీశాడు. ఏటి రొయ్యపిల్లల్ని కారంలో ఊరబెట్టింది, అందరికీ పెట్టడు. నాకు లోపల సంతోషం వేసింది. తాతయ్య మాటల్లో పడి, బజారు చివరి వాగులో ఒకప్పుడు మంచి చేపలు పడేవనీ, నాయనమ్మ చేసిన చేపల పులుసు తిని ఎన్నాళ్ళయిందో అనీ అన్నాడు. అబ్బో, ఇవాళ బాగానే మాట్లాడుతున్నాడు అనుకుంటూ ఊజు వైపు చూశాను. బల్ల అంచున, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ ఊరగాయ గిన్నెకి ఫోన్ గురిపెడుతున్నాడు.

తాతయ్య మాట ఆపేశాడు.

"నేనిక్కడే కూర్చున్నాను కదయ్యా," అన్నాడు.

ఊజు చెవులు ఎర్రగా అయిపోయాయి. ఫోన్ జేబులో పెట్టుకుని తప్పయిందన్నాడు. తాతయ్య గబగబా తినేసి లేచాడు. నేను గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఊజుని కళ్ళతోనే కాల్చేశాను. ఇంతకీ ఫోన్ ఏమందో చెప్పమంటే, గోడకి వేసే ఎర్ర రంగు అందట.

మర్నాడు శనివారం, మరకి జనం ఎక్కువ. తాతయ్యకి సాయంగా నేను ముందు కూర్చున్నాను. ఊజు కూడా వస్తానన్నాడు కానీ, నువ్వు వస్తే ఇంకా ఏ పేర్లు పెడతావోనని వెనకే ఉండమన్నాను. నాకేం పని అన్నాడు. ఏ పనీ చేయకపోవడమే నీ పని అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఒక్క పనీ అతనికి చేతకాదని నాకు తెలిసి ఉండాల్సింది.

మధ్యాహ్నానికి మబ్బు పట్టి, కుండపోతగా వాన. ఆడించుకోడానికి వచ్చినవాళ్ళంతా మరలోనే ఇరుక్కుపోయి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎండాకాలం తాతయ్య భోంచేసి వెనక వసారాలో ఓ కునుకు తీస్తాడు. ఆ రోజూ అలా లోపలికి వెళ్ళినవాడు వెంటనే తిరిగొచ్చాడు. నిద్రమొహం కాదు, కంగారు మొహం.

"దావన్, ఆవిడేదీ?"

మరలో కబుర్లు టక్కున ఆగిపోయాయి. మా బజారులో అందరికీ తెలుసు ఆవిడంటే ఎవరో. వెదురు భార్య. సన్నటి వెదురు బద్దలతో మనిషంత పొడుగున, లోపల డొల్లగా అల్లిన గొట్టం. ఎండాకాలం మగవాళ్ళు దాన్ని వాటేసుకుని పడుకుంటారు, గాలి అందులోంచి అటూ ఇటూ ఆడి ఒళ్ళు చల్లబడుతుంది. ఇప్పుడు ఏసీలు వచ్చాక చాలా ఇళ్ళలో లేవు. తాతయ్యకి మాత్రం అది లేనిదే కన్ను మూతపడదు. ఎవరి వెదురు భార్య వాళ్ళదే, ఇంకొకరు ముట్టుకోరు. నేను కూడా చిన్నప్పుడు దాని మీద కాలేసి చీవాట్లు తిన్నాను.

 ఊజూ అని పిలుస్తూ వెనక గదులన్నీ వెతికాను. లేడు. వసారాలో తెలకపిండి చెక్క ఒకటి సగం విరిచి పడేసి ఉంది. వంటింట్లో సోయా ముద్ద జాడీ మూత తీసి ఉంది. ఉల్లిపాయల వల సంచీలోంచి ఉల్లిపాయలన్నీ నేల మీద దొర్లుతున్నాయి. చేపలకి ఎరగా తెలకపిండీ, సోయా ముద్దా కలిపి ముద్దలు చేస్తారని మా వైపు చిన్నపిల్లలక్కూడా తెలుసు. ఆవిడ ఎక్కడికి వెళ్ళిందో నాకు అర్థమైపోయింది.

అప్పుడే మర ముందు నుంచి కేకలూ నవ్వులూ వినబడ్డాయి.

పరిగెత్తుకుని వెళ్ళాను. గుమ్మంలో ఊజు నిలబడి ఉన్నాడు. తల నుంచి కాలి దాకా బురద, ఒక చెప్పు లేదు, మోచెయ్యి గీరుకుపోయి రక్తం. రెండు చేతులతో తాతయ్య వెదురు భార్యని గుండెకి హత్తుకున్నాడు. దానికి ఒక చివర ఉల్లిపాయల వల సంచీ కట్టి ఉంది. ఒక బద్ద విరిగి బయటికి పొడుచుకొచ్చింది. సోయా ముద్ద కంపు మరంతా కమ్మేసింది. వాగు దగ్గర్నుంచి బజారు మధ్యలోంచి అలాగే నడుచుకుంటూ వచ్చాడట. దారి పొడుగునా జనం షాపుల్లోంచి బయటికొచ్చి చూశారట.

"తాతగారూ, చేపలు పడలేదండీ," అన్నాడు రొప్పుతూ. "వాన వచ్చి వాగు పొంగింది. బుట్ట కొట్టుకుపోతుంటే దూకి పట్టుకున్నాను."

అమ్మలక్కల్లో ఒకావిడ నవ్వలేక గోడ పట్టుకుంది. ఇంకొకావిడ, ఆ పెద్దాయన పెళ్ళాన్ని వాగుకి తీసుకెళ్ళి స్నానం చేయించుకొచ్చాడర్రా అంది. ఊజు ఆవిడ వైపూ, నా వైపూ, చేతిలో ఉన్న దాని వైపూ చూశాడు. అతనికింకా ఏం అర్థం కాలేదు.

తాతయ్య ముందుకొచ్చి దాన్ని అతని చేతుల్లోంచి తీసుకున్నాడు. వల సంచీ ముడి విప్పబోయాడు. ముడి రాలేదు. అలాగే పట్టుకుని లోపలికి నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"రేపు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోండి."

గది తలుపు మూసుకుంది. అయిపోయింది. బ్యాంకాయన్ని కూడా ఇలా నోరు తెరిచి పొమ్మనలేదు.

జనం వెళ్ళిపోయాక నేనే మర ఆపాను. వంటింటి గుమ్మంలో ఊజుని కూర్చోబెట్టి మోచేతికి మందు రాస్తూ, అది ఏంటో చెప్పాను. వినేకొద్దీ అతని మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఫోన్ చేపలు పట్టే బుట్ట అందట, ఎనభై ఏడు శాతం. ఎర ఎలా కలపాలో కూడా అదే చెప్పిందట. తాతగారు చేపల పులుసు మాటెత్తారు కదా, సాయంత్రానికి వండిపెడితే నిన్నటి తప్పు కాస్తయినా మాసిపోతుందని అనుకున్నాడట. చేపలు ఒకవైపు దూరి ఇంకోవైపు వెళ్ళిపోతాయని వల కట్టాడట. ఇంత చెప్పి, జేబులోంచి ఫోన్ తీసి అది పనిచేస్తోందో లేదో చూసుకున్నాడు. పనిచేస్తోంది. నీళ్ళలో పడినా పాడవని రకమట, నా కర్మ కొద్దీ.

నాకింక ఓపిక చచ్చిపోయింది.

"గోడ అవతలే ఉన్నాను కదరా. పది అడుగులు వేసి, ఇదేంటి అని ఒక్కమాట అడగలేకపోయావా? నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? ఆయన ఊఁ అంటే చాలని నేను ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తున్నానో నీకు తెలీదా?"

 వాన చూరు మీంచి ధారగా కారుతోంది.

"మా ఇంట్లో అడిగితే చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు దావన్," అన్నాడు. "ఇద్దరూ డ్యూటీలకి పోయేవాళ్ళు. వచ్చాక ఏదైనా అడిగితే, అలసిపోయి ఉన్నాం, విసిగించకు అనేవాళ్ళు. తర్వాత ఎవరిని అడగాలన్నా ముందు వాళ్ళ మొహం చూడ్డం అలవాటైంది. విసుక్కుంటారేమో అని."

"నేనున్నాను కదా."

"నువ్వూ విసుక్కుంటావు," అన్నాడు, నిష్ఠూరంగా కాదు, మామూలుగా. "ఫోన్ తప్పు చెబుతుంది, నాకూ తెలుసు. కానీ అది విసుక్కోదు."

ముందు కోపం వచ్చింది. ఇన్ని తప్పులు చేసి నన్నంటాడా అని. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు, ఏడుపొచ్చింది. మందు సీసా మూత పెట్టలేక దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను. పక్కనే ఉన్న మనిషి నోరు విప్పి ఒక ప్రశ్న అడగడానికి ఎంత భయపడుతున్నాడో ఇన్నాళ్ళూ నాకు తెలియనే తెలియదు. తెలుసుకుందామని నేనూ అడగలేదు.

ఊజు ఫోన్‌ని కిటికీలో పెట్టాడు. లేచి ఆ బురదకాళ్ళతోనే వసారా దాటి తాతయ్య గది ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వద్దని చెయ్యి పట్టుకోబోయాను. వినలేదు.

"తాతగారూ, అడుగుదామని వచ్చాను. అదేంటో చెబుతారా?"

 నేను స్తంభం పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాను. లోపలినుంచి తడిబట్టతో తుడుస్తున్న చప్పుడు వస్తోంది.

"అదేంటో అది నీకు చెప్పలేదా?" అన్నాడు తాతయ్య లోపలినుంచి. నా గురించి.

"చెప్పింది. మీ దగ్గర వినాలని ఉంది."

తుడుస్తున్న చప్పుడు ఆగింది. కాగితపు తలుపు కొంచెం తెరుచుకుంది. తాతయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, వల సంచీ ముడి ఇంకా రాలేదు. ఊజు చెయ్యి చాపాడు. ఇద్దరూ కలిసి ఆ ముడి విప్పారు.

అప్పుడు చెప్పాడు తాతయ్య. మా నాన్న కడుపులో ఉన్న ఎండాకాలం నాయనమ్మకి పక్కన మనిషి ఉంటేనే చికాకుగా ఉండేదట. మర వేడీ, పొయ్యి వేడీ చాలక నీ ఒంటి వేడి కూడానా అని, నిండు నెలల్తో బజారుకి నడిచివెళ్ళి దీన్ని కొని తెచ్చి తాతయ్య మీద పడేసిందట. ఇకనుంచి దీంతో కాపురం చెయ్ అని. తీరా కాన్పయ్యాక, సరే ఇక నేనొచ్చాను దాన్ని తీసెయ్ అంటే తాతయ్యకి అలవాటైపోయింది. అంతే, అప్పట్నుంచీ ఎండాకాలం వస్తే ఇంట్లో యుద్ధమే. ఈ సంవత్సరం దీన్ని పొయ్యిలో పెడతాను అనేదట. పెట్టేది కాదు. తనే తడిబట్టతో తుడిచి వసారాలో పెట్టేది, చలి మొదలవగానే తనే అటక మీద దాచేది. పోయేముందు సంవత్సరం కూడా తనే దాచిందట.

ఇదంతా నాకు కొత్త. ఆ ఇంట్లో పెరిగానా, ఆ ఎండాకాలాలన్నీ చూశానా, దాన్ని కొన్నది నాయనమ్మ అని మాత్రం నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు.

"నువ్వు బుట్టే అనుకున్నావు కదా," అన్నాడు తాతయ్య. "వాగు పొంగుతుంటే పాత బుట్ట కోసం దూకుతారా ఎవరైనా? పోతే పోయిందనుకోక."

"మీది కదండీ," అన్నాడు ఊజు. "మీ ఇంట్లో వస్తువు పోగొట్టుకుని మీ మొహం ఎలా చూడను?"

తాతయ్య అతని మోచేతి మీద గుడ్డ వైపు చూశాడు. ఒళ్ళో ఉన్న దాన్ని ఎత్తి వాసన చూశాడు. మొహం వికారంగా పెట్టాడు. మళ్ళీ చూశాడు. ఉన్నట్టుండి భుజాలు ఊగాయి. ఏడుస్తున్నాడనుకుని నేను ముందుకి పరిగెత్తాను. నవ్వుతున్నాడు. నాయనమ్మ పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

"మీ నాయనమ్మ ఇన్నేళ్ళూ దీన్ని నా పక్కలోంచి తప్పిద్దామని చూసింది," అన్నాడు నాతో, కళ్ళు తుడుచుకుంటూ. "ఆవిడ వల్ల కాలేదు. వీడొచ్చి ఒక్క పూటలో చేశాడు. ఈ కంపుతో నేనెలా పడుకుంటానే?"

ఆ సాయంత్రం ఇద్దరూ పెరట్లో కూర్చుని దాన్ని వెనిగర్ నీళ్ళతో కడిగారు. ఊజు ప్రశ్న మీద ప్రశ్న అడుగుతున్నాడు. బద్దలు ఎందుకు నున్నగా ఉన్నాయి, ఇది ఏ వెదురు, ఈ ముడి ఎలా వేస్తారు. తాతయ్య ప్రతిదానికీ, అదీ తెలీదా అని విసుక్కుంటూనే చెబుతున్నాడు. ఊజు ఆ విసుగుకి బెదరలేదు, ఇంకోటి అడుగుతున్నాడు. కానీ పొద్దున్న బస్సు మాట మాత్రం తాతయ్య వెనక్కి తీసుకోలేదు. నేను అడగబోతే, బట్టలు సర్దుకో పో అన్నాడు.

ఆదివారం పొద్దున్న వాన తెరిపిచ్చింది. తాతయ్య మర తాళం వేసి మాతోపాటు బయల్దేరాడు. బస్టాండుకేమో అనుకున్నాను. బజారు మధ్యలో ఆగి, వెదురు సామాన్ల దుకాణంలోకి దూరాడు. ఊజు సంచులు మోస్తూ వెనకాలే వెళ్ళాడు. కొత్తది కొనుక్కుంటాడు కాబోలు, పాపం, రాత్రంతా నిద్ర లేదు అనుకుని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. దుకాణం ఆవిడ కూడా అలాగే అనుకున్నట్టుంది. మీ కొలత నాకు తెలుసు కదా తాతా అంటూ ఒకటి తీసిచ్చింది. ఊరంతా నిన్నటి కథ తెలిసిపోయింది, ఆవిడ నవ్వు ఆపుకోలేకపోతోంది.

తాతయ్య దాన్ని పక్కన పెట్టాడు.

"నాక్కాదు. నాది ఆరేస్తే ఆరుతుంది. మా మనవరాలి మొగుడికి. పొడుగు మనిషి, ఇంకాస్త పొడుగుది చూపించు."

నేను విన్నాను. విన్నది నమ్మకం కుదరక గుమ్మం పట్టుకున్నాను. లోపల ఊజు సంచులతో అలాగే బిగుసుకుపోయాడు. దుకాణం ఆవిడ పొడుగుది వెతికి తీసిందాకా అతను కదల్లేదు. తర్వాత సంచులు కింద పెట్టి, తాతయ్య ముందుకొచ్చి, గొంతు సవరించుకుని అడిగాడు.

"తాతగారూ, అంటే మీరు ఒప్పుకున్నట్టేనా?"

తాతయ్యకి చిరాకెత్తింది.

"నువ్వొకడివి. అడగాల్సినప్పుడు అడగవు, అడగక్కర్లేనప్పుడు అడుగుతావు."

అంటూ ఆ పొడుగాటి వెదురు భార్యని అతని చేతుల్లో పెట్టి, ఇది నీ ఒక్కడిదే, రేపు నీ కొడుకు వచ్చి అడిగినా ఇవ్వకు, వాడిది వాడికి వేరే కొనాలి అని చెప్పాడు. చెప్పేసి, బస్సు వెళ్ళిపోతుందని మమ్మల్ని తిడుతూ ముందు నడిచాడు.

ఊజు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, బజారు మధ్యలో, అందరూ చూస్తుండగా ఏడవడం మొదలుపెట్టాడు. నాకూ కళ్ళు కనబడ్డం లేదు. సంచులన్నీ నేనే ఎత్తుకుని అతన్ని మోచేత్తో పొడిచి, నడు, బస్సు పోతుంది అన్నాను.